మెరీనా నుంచి పులికాట్ దాకా: ఇసుక నడిచే దారి

(చెన్నైలో మన తెలుగువాళ్లు నెలకోసారి కూర్చునే సభలో ఒక రిటైర్డ్ సర్వేయర్ గారు మాట్లాడింది. రికార్డింగ్ విని ఉన్నది ఉన్నట్టు టైప్ చేశాం, మైకు కొట్టుకున్న చోట్ల మాత్రం వదిలేశాం.)

అందరికీ నమస్కారం. వెనకున్నోళ్లకి వినపడతా ఉందా? నాయనా, ఆ ఫ్యాన్ ఒకటి ఆపేయ్, దాని సౌండే సముద్రం మాదిరి ఉంది. (నవ్వులు)

నాది సూళ్లూరుపేట. చెన్నైకొచ్చి ముప్పై అయిదేళ్లు దాటింది. ఉద్యోగమంతా కొలతలే, టేపు, లెవెల్ మిషను, ఎర్ర తెలుపు గీతల కర్ర పట్టుకుని ఎండలో నిలబడే కుర్రోడు, ఇదే నా బతుకు. అందులో సగం సముద్రం ఒడ్డునే గడిచింది. కాబట్టి నేను సైంటిస్టుని కాదు, ఇసుక మీద తిరిగినోణ్ణి, ఆ లెక్కలోనే వినండి.

మీ అందర్నీ ఒకటి అడుగుతా. రాకెట్ పైకి పోయేటప్పుడు టీవీలో చూస్తారు కదా, పది తొమ్మిది ఎనిమిది అంటా లెక్కపెడతారు, పొగ, చప్పట్లు. ఆ రాకెట్ నిలబడిన నేల ఎట్టాంటిదో ఎప్పుడైనా ఆలోచించారా? శ్రీహరికోట దీవి అని ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి. చూడండి, సగం మంది కూడా లేరు. అదంతా ఇసుక. అటు బంగాళాఖాతం, ఇటు పులికాట్ సరస్సు, మధ్యలో సన్నగా పొడుగ్గా ఇసుక దిబ్బ. 1969లో ఆ జాగా చూసుకున్నారు, 1971 అక్టోబర్ 9న మొదటి రాకెట్ పోయింది, చిన్నది. తూర్పున అంతా సముద్రమే కాబట్టి పైనుంచి ఏం పడినా జనం మీద పడదు, అందుకని సెలెక్ట్ చేశారు. అప్పటిదాకా అక్కడున్నది యానాదులు, సరుగుడు తోటలు, తాటిచెట్లు, మొగలి పొదలు.

సూళ్లూరుపేట నుంచి అక్కడికి పోవాలంటే సరస్సు మధ్యలో రోడ్డు. చలికాలం పోతే రెండుపక్కలా ఫ్లెమింగోలు, ఎండాకాలం పోతే నీళ్లెండిపోయి పర్ర, తెల్లగా ఉప్పు పేరుకుని కళ్లు జిగేల్మంటాయి. మా పెద్దోళ్లు ఆ సరస్సుని ప్రళయ కావేరి అనేవాళ్లు. చిన్నప్పుడు నేను అది చెరువులాంటిదే అనుకున్నా, అందరూ అట్టానే అనుకుంటారు. కాదు. అది సముద్రంలో ముక్క. ఇసుక అడ్డం పడుకోబట్టి అది సరస్సయింది, దిబ్బ లేకపోతే సూళ్లూరుపేట పక్కదాకా అలలే.

ఇట్టాంటిదాన్ని ఇంగ్లీషులో బ్యారియర్ ఐలాండ్ అంటారు. మన భాషలో దిబ్బ, తిప్ప, లంక అని రకరకాలుగా అంటాం, నేను అడ్డుదీవి అంటా. ఒడ్డుకి అడ్డంగా పడుకున్న దీవి. ఉపగ్రహాల ఫోటోలు పెట్టుకుని లెక్కేస్తే ప్రపంచం మొత్తమ్మీద 2,149 తేలాయని 2011లో వచ్చింది. ప్రపంచం ఒడ్డంతా కొలిస్తే పదో వంతు ఇవే.

ఇవి ఎట్టా పుట్టాయంటే, ఇరవై వేల ఏళ్ల కింద సముద్రం ఇప్పటికంటే 120 మీటర్లు కిందుండేది. మంచు కరిగి నీళ్లు పైకొస్తా వచ్చాయి, ఆరేడు వేల ఏళ్ల కింద ఆ స్పీడు తగ్గింది. అప్పుడు నదులు తెచ్చి పోసిన ఇసుకని అలలు సర్దడం మొదలుపెట్టాయి, పోగేసి, చదును చేసి, గాలి దాన్నెత్తి దిబ్బగా పోస్తే దాని మీద బాలబంద తీగ, రావణాసురుడి మీసాలు అంటామే ఆ ముళ్ల గడ్డి, అవి పట్టుకున్నాయి. గడ్డి పట్టుకుంటే ఇసుక ఆగుతాది, ఇసుక ఆగితే దిబ్బ పెరుగుతాది. మా ఊళ్లో ఆ గడ్డి ఉండలు గాలికి దొర్లుకుంటా పోతా ఉంటే వెంటబడి పరిగెత్తేవాళ్లం, అదే బొమ్మ మాకు.

ఇంకో విచిత్రం దొరువు. ఈ తరం పిల్లలకి తెలీదు. ఇసుకలో గుంట తీస్తే నాలుగడుగుల్లో తియ్యటి నీళ్లు. పక్కనే ఉప్పు సముద్రం, మధ్యలో తియ్యటి నీళ్లెక్కడివి? వానే. వాన నీళ్లు తేలిక, ఉప్పు నీళ్లు బరువు, ఇసుక లోపల మంచినీళ్లు ఉప్పు నీళ్ల మీద తేలతా ఉంటాయి, పాల మీద మీగడ మాదిరి. పైన ఒక అడుగు మంచినీళ్లు సముద్ర మట్టం కంటే ఎత్తున నిలబడితే కింద నలభై అడుగుల దాకా మంచినీళ్లే ఉంటాయని లెక్క. ముంతతో తోడుకున్నన్నాళ్లు ఏం కాలేదు. మోటరు పెట్టి లాగితే పైన అడుగు తగ్గినప్పుడు కింద నలభై అడుగుల ఉప్పు పైకొస్తాది. చెన్నైకి ఉత్తరాన మీంజూరు వైపు బోర్లు ఉప్పగా మారింది ఇట్టానే కదా.

సరే, అసలు విషయానికి వస్తా. ఈ అడ్డుదీవి నిలబడి ఉండదు. నడుస్తా ఉంటాది.

తిరపతిలో పొర్లుదండాలు చూశారు కదా. మనిషి గుడి చుట్టూ పొర్లుకుంటా పోతాడు, పైనున్న భుజం కిందికి, కిందున్న భుజం పైకి, మనిషి అదే మనిషి, జాగా మాత్రం మారతా ఉంటాది. అడ్డుదీవి చేసేది అదే. తుఫానొచ్చినప్పుడు అలలు దిబ్బ ఎక్కి దిగతాయి, ముందున్న ఇసుకని తీసి వెనక సరస్సు వైపు పోస్తాయి. సముద్రం వైపు కోత, సరస్సు వైపు మేట. మనం కోతనే చూసి అయ్యో దీవి పోయిందంటాం. పోలా, ఒక పక్క నుంచి ఇంకో పక్కకి పొర్లింది. కొన్ని దీవుల్లో సముద్రం వైపు బీచ్‌లో తవ్వితే నల్ల బురద, చెట్ల మొదళ్లు బయటపడతాయి. ఒకప్పుడు అది వెనక సరస్సు వైపు బురద, దీవి దాని మీద నుంచి పొర్లిపోతే ఇప్పుడు ముందు తేలింది. సముద్రం పైకొచ్చేకొద్దీ దీవి వెనక్కి పొర్లతా తన ఎత్తు తాను కాపాడుకుంటాది. అట్టా పొర్లనిస్తేనే అది బతుకుతాది. మనం దాని మీద రోడ్డేసి, గోడ కట్టి, ఇల్లు కట్టి, పట్టా రాసి, నువ్వు కదలొద్దు అంటాం చూడండి, అక్కడ మొదలవుతాది గొడవంతా.

ఇది అడ్డం నడక. నిలువు నడక ఇంకోటి ఉంది, మన చెన్నైవాళ్లకి అదే ముఖ్యం.

ఈ ఒడ్డున నైరుతి గాలులప్పుడు అలలు ఏటవాలుగా వచ్చి ఇసుకని ఉత్తరానికి తోస్తాయి, ఈశాన్య రుతుపవనంలో దక్షిణానికి. రెండూ కలిపి చూస్తే ఉత్తరానికి పోయేదే ఎక్కువ. అంటే ఒడ్డు వెంబడి ఒక ఇసుక ఏరు పారతా ఉంది, నీళ్ల ఏరు కాదు, ఇసుక ఏరు, ఏటా లక్షల ఘనపు మీటర్లు. చెన్నపట్నంలో హార్బరు లేనప్పుడు ఓడలు దూరంగా నిలబడేవి, మసూలా పడవల్లో మనుషుల్ని, సరుకునీ అలల మీద నుంచి ఒడ్డుకి తెచ్చేవాళ్లు. సముద్రం సెయింట్ జార్జి కోట గోడల దగ్గరదాకా వచ్చేది. 1875లో హార్బరుకి పునాదిరాయి వేశారు, రాళ్ల గోడలు సముద్రంలోకి పొడుచుకుని పోయాయి, 1881లో తుఫానొచ్చి బాగా దెబ్బకొట్టింది, మళ్లీ కట్టారు. ఆ గోడలు ఇసుక ఏటికి ఆనకట్ట వేశాయి. దక్షిణాన ఇసుక ఆగి ఆగి మెరీనా అయింది. ఇప్పుడు సగటున 300 మీటర్ల వెడల్పు, మన పిల్లలు గాలిపటాలెగరేసేది, సుండల్ తినేది ఆ హార్బరు గోడ ఆపిన ఇసుక మీద. మెరీనా అని పేరు పెట్టిందే 1884లో, గవర్నర్ గ్రాంట్ డఫ్ పెట్టాడు. అందరూ మెరీనా మెరీనా అని పొగుడుతారు, నాకు మాత్రం అక్కడికి పోతే ఎవరి సొమ్మో మన గాదెలో ఉన్నట్టు అనిపిస్తాది.

ఎవరి సొమ్మంటే ఉత్తరాన ఉన్నోళ్లది. రాయపురం, కాసిమేడు, తిరువొత్తియూరు, ఎన్నూరు. అక్కడికి చేరాల్సిన ఇసుక చేరలా. అల వచ్చిన ప్రతిసారీ కొంచెం ఇసుక తీసుకునే పోతాది, బదులు పోసేవాడు లేడు. వీధులకి వీధులు పోయాయి.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో అటు ఒక కుప్పంలో, అంటే జాలర్ల పల్లెలో, ఒడ్డు కొలతలకి రాయి పాతాం. అప్పుడు రాయి నుంచి నీటి దాకా టేపు రెండుసార్లు పరిచాం. కొన్నేళ్ల తర్వాత పోతే ఒక టేపు కూడా పూర్తిగా పరవలా. ఆ తర్వాత ఇంకోసారి పోయినప్పుడు రాయే లేదు, అలలు కొట్టుకుంటా ఉండాయి. నేను ఆఫీసుకొచ్చి రిపోర్టు రాశా, రాయి కనపడలేదు అని. ఆఫీసరు పిలిచి, రిజిస్టర్‌లో ఉంది కదయ్యా, కనపడలేదని ఎట్టా రాస్తావు అన్నాడు. సార్, రిజిస్టర్‌లో ఉంది, సముద్రంలో కూడా ఉంది, ఒడ్డున మాత్రం లేదు అన్నా. (నవ్వులు) మీరు నవ్వుతా ఉండారు, ఆ కుప్పంలో ఒకాయన ఇంటి కాయితాలు పట్టుకొచ్చి నాకు చూపించాడు, సర్వే నంబరు ఉంది, విస్తీర్ణం ఉంది, నాలుగు హద్దులు ఉండాయి, తూర్పు హద్దు సముద్రం అని రాసుంది. ఇప్పుడు నాలుగు హద్దులూ సముద్రమే. ఆయనకి నేనేం చెప్పాలి?

తర్వాత రాళ్లు పోశారు. రాళ్లు పోస్తే వెనక రోడ్డు మిగులుతాది, అది నిజం, రోడ్డు లేకపోతే అంబులెన్స్ కూడా పోదు, కాబట్టి నేను రాళ్లు పోసినోళ్లని తిట్టను. కానీ గోడకి కొట్టుకున్న అల తిరిగి పోయేటప్పుడు ముందున్న ఇసుకని గీక్కుని పోతాది, గోడ ఉంటాది, బీచ్ ఉండదు. పడవ లాగే జాగా పోతాది, వల ఆరేసుకునే జాగా పోతాది. గోడ ఎక్కడ అయిపోతాదో ఆ చివర కోత రెట్టింపు. అప్పుడు ఆ పక్క కుప్పంవాళ్లు మాకూ రాళ్లు పోయండని రోడ్డెక్కుతారు. ఇట్టా ఒక కుప్పం తర్వాత ఒక కుప్పం, ఉత్తరానికి జరుగుతా పోయింది. 2001లో ఎన్నూరు పోర్టు, ఆ తర్వాత కాట్టుపల్లి పోర్టు. కాట్టుపల్లి కూడా అడ్డుదీవే తెలుసా, ఇటు కొసస్తలైయారు నది, బకింగ్‌హామ్ కాలువ, అటు సముద్రం. దానికి ఉత్తరాన పళవేర్కాడు, అంటే పులికాట్ ఊరు, దానికీ ఉత్తరాన మా శ్రీహరికోట. అంతా ఒకే ఇసుక ఏరు. ఎగువన కాలవకి అడ్డుకట్ట వేసుకుంటే దిగువ రైతు ఊరుకుంటాడా? కర్ర తీసుకుని వస్తాడు. ఇసుక కాలవకి ఆ తగువు పెట్టుకునే పంచాయితీ లేదు, అదే నా బాధ.

ఇది మన ఒక్కరి తెలివే కాదులెండి. అమెరికాలో మేరీల్యాండ్ అనే రాష్ట్రంలో ఓషన్ సిటీ అని ఊరుంది, అడ్డుదీవి మీద ఊరు. 1933లో తుఫాను ఆ దీవిని రెండు ముక్కలు చేసింది. మధ్యలో దారి పడింది కదా, పడవలకి బాగుందని రాళ్ల గోడలు కట్టి ఆ దారిని ఖాయం చేశారు. అక్కడ ఇసుక నడిచేది దక్షిణానికి. ఉత్తరం ముక్క మీద ఓషన్ సిటీ బీచ్ బలిసింది, దక్షిణం ముక్క అసటీగ్ ఇసుక లేక చిక్కిపోయి, ఉత్తరం కొసన దాదాపు తన వెడల్పంత వెనక్కి జరిగింది. దిక్కులు తిప్పి చదువుకుంటే మన హార్బరు కథే.

గాల్వెస్టన్ కథ ఇంకా పెద్దది. టెక్సాస్‌లో అడ్డుదీవి మీద పట్నం, 1900 సెప్టెంబర్ 8న తుఫాను, పోయినోళ్లు 6,000 నుంచి 12,000 మంది అంటారు. మిగిలినోళ్లు ఊరు వదల్లా. పదిహేడు అడుగుల ఎత్తు గోడ కట్టారు, మొదటి భాగం 1904కి పూర్తయింది, అది చాలదని ఊరినే పైకెత్తారు. ఇళ్లకీ చర్చీలకీ కింద జాకీలు పెట్టి లేపి, ఇసుక నీళ్లు పంపు చేసి కింద నింపారు. వాళ్ల పట్టుదలకి నేను దండం పెడతా. కానీ గోడ ముందర బీచ్ సన్నబడిపోయింది, తర్వాత ఇసుక కొనుక్కొచ్చి పోసుకోవాల్సి వచ్చింది.

ఇంకో చోట, నార్త్ కరోలినాలో కేప్ హాటెరస్ లైట్‌హౌస్. 1870లో కట్టినప్పుడు నీటికి 1,500 అడుగుల దూరం. వందేళ్లు గడిచేసరికి సముద్రం గుమ్మం దగ్గరకి వచ్చింది. గోడ కడదామన్నారు కొందరు. చివరికి 1999లో లైట్‌హౌస్‌నే పట్టాల మీద పెట్టి 2,900 అడుగులు వెనక్కి జరిపారు, 23 రోజులు పట్టింది. ఇటుకల స్తంభం, ఒక్క ముక్క ఊడలా. దీవి నడుస్తా ఉంటే మనమూ నడుద్దాం అనుకున్నారు. నాకు ఆ పని నచ్చింది, కానీ అది ఒక లైట్‌హౌస్ కాబట్టి అయింది, కుప్పంలో ఐదొందల కుటుంబాలని జరపాలంటే ఎక్కడికి జరుపుతారు? సముద్రానికి ఐదు కిలోమీటర్ల దూరంలో నాలుగంతస్తుల బిల్డింగ్‌లో ఇల్లిస్తే పడవ ఎక్కడ పెట్టుకుంటాడు, తెల్లారుజామున మూడింటికి వేటకి ఎట్టా పోతాడు?

మన ధనుష్కోటి కూడా ఒక ఇసుక కొసే. 1964 డిసెంబర్ 22 రాత్రి తుఫాను, పాంబన్ నుంచి వస్తున్న ప్యాసింజర్ రైలుని ఉన్నపళంగా లాక్కుపోయింది, రైల్లో ఉన్నోళ్లు ఒక్కరూ మిగల్లా. ఇక్కడ మనుషులుండటానికి పనికిరాదని ప్రభుత్వం చెప్పేసింది. అయినా ఇప్పటికీ జాలర్లు అక్కడ గుడిసెలేసుకుని ఉండారు. ఎందుకంటే గుడిసె పోతే నాలుగు రోజుల్లో మళ్లీ కట్టుకోవచ్చు. మేము పట్నంవాళ్లం దాన్ని పేదరికం అనుకుంటాం. పాతకాలం మత్స్యకారుల ఊళ్లు గమనించండి, ఇల్లు దిబ్బకి వెనక, పడవా వలా దిబ్బకి ముందు, దిబ్బ మీద ఎవరూ ఏం కట్టరు. 2004 డిసెంబర్ 26 సునామీలో దిబ్బలు చెక్కుచెదరకుండా ఉన్న కొన్ని ఊళ్లు తక్కువ దెబ్బతో బయటపడ్డాయి. దిబ్బని బుల్డోజరు పెట్టి చదును చేసి సీ వ్యూ అని అమ్ముకున్నది మనం.

కాకినాడవాళ్లు ఎవరైనా ఉండారా? ఆ, చెప్పండమ్మా, మీకు హోప్ ఐలాండ్ తెలిసే ఉంటాది. గోదావరి తెచ్చిన ఒండ్రుతో ఏర్పడి ఓ రెండొందల ఏళ్లు అయుంటాది, పదహారు కిలోమీటర్ల పొడుగు, కాకినాడ పోర్టుకి చెయ్యి అడ్డం పెట్టినట్టు ఉంటాది. దానికి ఉత్తరాన ఉప్పాడకి ఆ అడ్డం లేదు. ఉప్పాడ అంటే జామ్దానీ చీరలనుకుంటారు, అక్కడోళ్లకి ఉప్పాడ అంటే కోత. బీచ్ రోడ్డు తుఫానొచ్చిన ప్రతిసారీ తెగుతాది, రాళ్లేశారు, జియోట్యూబులేశారు, అంటే ఇసుక కూరిన పొడుగు సంచులు, అవీ చిరిగాయి. పైన గోదావరికి, కృష్ణకి ఆనకట్టలు కట్టుకున్నాం, అన్నం తింటున్నాం కాబట్టి తప్పని అనను, కానీ ఆగిన ఒండ్రు ఒడ్డుకి రాలేదు కదా. వచ్చిన కాస్త ఇసుకని లారీల్లో ఎత్తుకొచ్చి మన అపార్టుమెంట్ల గోడల్లో పెట్టుకున్నాం. మన దేశం ఒడ్డులో దాదాపు మూడో వంతు కోతకి గురవుతా ఉందని ఇక్కడే పళ్లికరణైలో ఉన్న తీర పరిశోధన కేంద్రంవాళ్లు 1990 నుంచి 2018 దాకా లెక్కేసి చెప్పారు.

విశాఖలో మాత్రం ఒక పని చేస్తారు. హార్బరు దగ్గర ఆగిన ఇసుకని డ్రెడ్జరుతో తవ్వి ఆర్కే బీచ్ దగ్గర పోస్తారు. హార్బరు ఉన్నన్నాళ్లూ చేస్తానే ఉండాలి, కరెంటు బిల్లు మాదిరి. నాకు తెలిసి గోడల కంటే ఇదే న్యాయం, ఆపినోడు ఆపిన ఇసుకని దిగువోడికి అప్పజెప్పడం.

అయ్యో టైమ్ అయిందంటున్నారు. రెండు ప్రశ్నలు తీసుకుందాం.

(సభలో ఒక యువకుడు: సార్, ఈసీఆర్‌లో, అదే ఈస్ట్ కోస్ట్ రోడ్డులో, బీచ్ పక్కన ప్లాట్ చూస్తున్నాం, కొనచ్చా?)

నేను ఇంతసేపు ఏం చెప్పినట్టు తమ్ముడూ! (నవ్వులు) సరే, కొనేముందు రెండు పనులు చెయ్. కార్తీకమాసంలో అమావాస్య నాడో పున్నమి నాడో పోటు మీదున్నప్పుడు పోయి చూడు, మధ్యాహ్నం ఎండలో బ్రోకరు చూపిస్తే చూడటం కాదు. రెండోది, పక్క కుప్పంలో పెద్దాయన ఎవరైనా ఉంటే టీ తాగిస్తా, మీ చిన్నప్పుడు నీళ్లు ఎక్కడిదాకా ఉండేవని అడుగు. ఆయన చూపించే చోటు నీ ప్లాట్ మధ్యలో ఉంటే తిరిగొచ్చెయ్. ప్లాట్‌లో బాలబంద తీగ ఉంటే అది దిబ్బ అన్నమాట, నీది కాదు, సముద్రానిది. సీఆర్‌జెడ్ లైన్, అంటే ఒడ్డు పక్కన కట్టడాలకి ప్రభుత్వం పెట్టిన హద్దు, ఎక్కడుందో కూడా చూసుకో, 1991 నుంచి ఆ రూలు ఉంది, లేదని చెప్పే బ్రోకరుని నమ్మొద్దు.

(ఒక పెద్దావిడ: మా పుట్టిల్లు పళవేర్కాడు పక్కన. మా వాళ్లు ముఖద్వారం పూడిపోయిందని ఎప్పుడూ గోలపెడతారు, దాన్ని రాళ్లు కట్టి ఖాయం చెయ్యమంటున్నారు. మీరు రాళ్లు వద్దంటున్నారు, మరి మావాళ్లేం తినాలి?)

మంచి మాట అడిగారమ్మా, దీనికి నేను తప్పించుకోకుండా చెప్పాలి. పులికాట్‌కి ప్రాణం ఆ ముఖద్వారమే. రొయ్య పిల్ల సముద్రం నుంచి సరస్సులోకి వచ్చేది దాంట్లో నుంచే, ఇక్కడ పెరిగి మళ్లీ పోయేది దాంట్లో నుంచే. అది పూడితే నీళ్లు మగ్గుతాయి, పడవ బయటికి పోదు. ఉత్తరాన మావైపు రాయదొరువు మొగ కూడా పూడిపోయి అక్కడోళ్లు ఇదే గోల. పేరు చూశారా, రాయదొరువు, అందులో కూడా దొరువే. మీవాళ్లకి పాడు అనే కట్టుబాటు ఉంది కదమ్మా, ఈ రోజు ఈ జాగాలో ఎవరు వల వెయ్యాలి అని వంతులేసుకుంటారు. నాకు అందులో నచ్చేది, జాగా ఎవరికీ సొంతం కాదు, వంతు సొంతం. నీళ్లు మారినప్పుడు వంతులు సర్దుకుంటారు. పట్టాలో ఆ సౌకర్యం లేదు.

ముఖద్వారం తవ్వాలి, అందులో నాకు అనుమానం లేదు, ఏటా తవ్వాలి. రాళ్లు కట్టినా మీవాళ్ల కడుపు ముందు నేను కాదనను. అయితే ఆ రాళ్లకి దక్షిణాన ఎంత ఇసుక ఆగుతాదో అంత ఇసుకనీ ఎత్తి ఉత్తరాన పోస్తామని కూడా అదే కాయితం మీద రాయించుకోండి. లేకపోతే మీ పుట్టింటి ముఖద్వారం కోసం కట్టిన రాళ్లకి మా శ్రీహరికోట దిబ్బ చిక్కుతాది. అప్పుడు నేను, మీరు ఇద్దరం రిజిస్టర్‌లో మాత్రమే ఉంటాం. (నవ్వులు)

ఒక విషయం, వచ్చే ఆదివారం కొంతమంది కలిసి పులికాట్ పోదామనుకుంటా ఉన్నాం. సెంట్రల్ నుంచి గుమ్మిడిపూండి లోకల్ ఎక్కి పొన్నేరిలో దిగాలి, అక్కడి నుంచి బస్సు. డచ్చివాళ్లు 1613లో కట్టిన కోట జాగా, వాళ్ల సమాధులు చూసి, అక్కడే మధ్యాహ్నం చేపల కూర. తలకి టోపీ, నీళ్ల సీసా ఎవరిది వాళ్లు తెచ్చుకోండి. మ్యాపు తేవద్దు, ముఖద్వారం ఆ రోజు ఎక్కడుందో పడవాయన్నే అడుగుదాం.